గీతల వెంట: గ్రీనిచ్ నుంచి ఉర్క్ వరకు

మానవ భూగోళశాస్త్రం చదవడం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థికీ తొలి రోజుల్లో ఎదురయ్యేవి కొన్ని భావనలే: స్థానం, దూరం, ప్రదేశం, ప్రాంతం, సరిహద్దు, సాంస్కృతిక భూదృశ్యం. పుస్తకంలో అవి నిర్వచనాలుగా కనిపించి, పరీక్ష ముగియగానే మరుపున పడతాయి. అయితే వాటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట, ఎవరికో వచ్చిన అవసరం వల్ల పుట్టిందే. పటం మీద గీత గీయాలని ఎవరో నిర్ణయించారు. ఆ గీతకు అటూ ఇటూ ఎవరో బతికారు. ఆ ఇద్దరినీ కలిపి చూసినప్పుడే ఈ శాస్త్రం అర్థమవుతుందన్న నమ్మకంతో, పశ్చిమ ఐరోపాలో అలాంటి గీతలు నేల మీద స్పష్టంగా కనిపించే కొన్ని చోట్లను వరుసగా చూడడానికి బయల్దేరాను.

సోమవారం, గ్రీనిచ్

లండన్‌లో థేమ్స్ నదికి పైన ఎత్తుగా ఉన్న గుట్ట మీద, రాయల్ అబ్జర్వేటరీ ముంగిట్లో, నేలలో పొదిగిన లోహపు గీత ఒకటి ఉంది. దానికి చెరోవైపు ఒక్కొక్క పాదం మోపి ఫొటో తీయించుకునేవారి వరుస ఉదయం నుంచే మొదలవుతుంది. 1851లో ఖగోళశాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీ నెలకొల్పిన దూరదర్శిని గుండా సాగే ఈ గీతనే ప్రపంచం సున్నా రేఖాంశంగా అంగీకరించింది.

భూమధ్యరేఖ ఎక్కడ ఉండాలో భూమి తిరిగే తీరే నిర్ణయిస్తుంది. సున్నా రేఖాంశానికి అటువంటి ఆధారం ప్రకృతిలో ఎక్కడా లేదు. 1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో సమావేశమైన 25 దేశాల ప్రతినిధులు ఓటు వేసి దాన్ని తేల్చారు. 22 దేశాలు గ్రీనిచ్‌కు అనుకూలంగా, ఒక దేశం వ్యతిరేకంగా నిలవగా, ఫ్రాన్స్, బ్రెజిల్ తటస్థంగా ఉన్నాయి. అప్పటికే ప్రపంచ నౌకా వాణిజ్యంలో 72 శాతం గ్రీనిచ్ ఆధారంగా తయారైన పటాలతోనే నడుస్తోంది కాబట్టి ఫలితం ఎవరినీ ఆశ్చర్యపరచలేదు. అక్షాంశ రేఖాంశాలతో చెప్పే నిరపేక్ష స్థానానికి మానవ సంబంధాలతో పని లేదని మనం సాధారణంగా అనుకుంటాం; ఆ లెక్క మొదలయ్యే చుక్క మాత్రం ఒక సామ్రాజ్యపు ఓడలు, ఆ ఓడల పటాలు నిర్ణయించినదే.

ఇంకొక విశేషం కూడా ఇక్కడే ప్రత్యక్షంగా కనిపిస్తుంది. గీత మీద నిలబడి ఫోనులో స్థానం చూస్తే రేఖాంశం సున్నాగా రాదు. ఉపగ్రహాల లెక్క ప్రకారం సున్నా రేఖ ఇక్కడికి సుమారు 102 మీటర్ల తూర్పున, పార్కు పచ్చికలో ఉంటుంది. ఎయిరీ పరికరం నిలువు దిశను స్థానిక గురుత్వాకర్షణ ఆధారంగా తీసుకుంది. ఆ దిశ భూకేంద్రం వైపు సూటిగా ఉండదు. ఉపగ్రహ వ్యవస్థ మాత్రం భూకేంద్రం నుంచే కొలుస్తుంది. రెండూ తమ తమ పద్ధతిలో సరైనవే.

గుట్ట మీది నుంచి నది వంపు తిరిగే చోటు చక్కగా కనిపిస్తుంది. 1833 నుంచి అబ్జర్వేటరీ పైకప్పు మీద మధ్యాహ్నం ఒంటి గంటకు ఎర్రటి బంతి జారుతోంది. నదిలోని నావికులు దాన్ని చూసి తమ గడియారాలు సరిచేసుకునేవారు. గుట్ట ఎత్తు ఈ చోటి నైసర్గిక గుణం. నదితో, రేవులతో, నౌకలతో దానికున్న సంబంధం సాపేక్ష స్థానం. ఎత్తైన గుట్టలు ఎన్నో ఉన్నా కాలానికి కొలమానమైనది ఇదొక్కటే కావడానికి ఆ రెండో గుణమే కారణం.

మంగళవారం, సోహో

మధ్య లండన్‌లోని సోహోలో బ్రాడ్‌విక్ వీధి ఉంది. 1854లో దాని పేరు బ్రాడ్ స్ట్రీట్. పాత నీటి పంపు ఉన్న చోటికి దగ్గరలో దాని నమూనాను పిడి లేకుండా నిలబెట్టారు. ఆ ఏడాది ఆగస్టు చివరి రోజున ఇక్కడ కలరా విజృంభించి, కొద్ది వారాల్లో 600 మందికి పైగా ప్రాణాలు తీసింది. వ్యాధి చెడుగాలి వల్ల వస్తుందన్నది ఆనాటి వైద్యుల్లో అత్యధికుల విశ్వాసం. నీటి వల్లనే వస్తుందని వాదిస్తూ వచ్చిన జాన్ స్నో అనే వైద్యుడు, మరణించినవారి ఇళ్లను పటం మీద చిన్న చిన్న నల్ల అడ్డగీతలుగా గుర్తించాడు. అవన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడాయి.

విస్తరణను పటంగా చూడడమన్నది మానవ భూగోళశాస్త్రంలో అతి ప్రాథమికమైన పని. కాని స్నో గొప్పతనం చుక్కలు పెట్టడంతో ఆగిపోలేదని ఇక్కడి వీధుల్లో తిరిగినప్పుడే నాకు పూర్తిగా బోధపడింది. తరువాత ప్రచురించిన పటంలో ఆయన మరొక గీత చేర్చాడు: బ్రాడ్ స్ట్రీట్ పంపుకూ ఇతర పంపులకూ నడిచి వెళ్లే దూరం సమానంగా ఉండే బిందువులను కలిపే గీత అది. పటం మీద స్కేలు పెట్టి కొలిచే దూరం వేరు, సందులు తిరిగి బిందె మోసుకుంటూ నడిచే దూరం వేరు అన్న స్పృహ అందులో ఉంది. ఆ గీత లోపలి వారి మరణాలకూ బయటి వారి మరణాలకూ తేడా ఎంతో ఉంది.

నియమానికి లొంగని చోట్లను ఆయన వదిలిపెట్టకపోవడం నన్ను మరింత ఆకట్టుకుంది. పంపుకు సమీపంలోనే ఉన్న పేదల వసతి గృహంలో 500 మందికి పైగా నివసిస్తున్నా అయిదుగురే చనిపోయారు. ఆ గృహానికి సొంత బావి ఉంది. అదే వీధిలోని బీరు కర్మాగారం కార్మికులకు అక్కడి బీరే ఇచ్చేవారు, వారు పంపు నీటి జోలికి పోలేదు. దానికి విరుద్ధంగా ఎంతో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధురాలు కలరాతో మరణించింది. ఆమె గతంలో బ్రాడ్ స్ట్రీట్‌లో నివసించేది. ఆ పంపు నీటి రుచి మీద ఇష్టంతో, రోజూ బండిలో ఒక సీసాడు నీళ్లు తెప్పించుకునేది. ఆమెను చూడడానికి వచ్చి ఆ నీరు తాగిన మేనకోడలు కూడా మరణించింది.

స్థానానికీ ప్రదేశానికీ ఉన్న తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ప్రదేశమంటే మనిషి జ్ఞాపకం, అలవాటు, మమకారం పెనవేసుకున్న చోటు. యీ-ఫూ తువాన్ వంటి భూగోళశాస్త్రజ్ఞులు 20వ శతాబ్దపు రెండో సగంలో ఈ భావన మీద ఎంతో లోతుగా రాశారు. ఆ వృద్ధురాలి విషయంలో మమకారం దూరాన్ని జయించింది. పటం మీద ఎక్కడో విడిగా పడిన ఒక చుక్కకు అర్థం ఆమె పాత ఇంటిలో ఉంది.

సెప్టెంబరు 8న అధికారులు పంపు పిడి తొలగించారు. జనం ఇళ్లు వదిలి వెళ్లిపోవడంతో వ్యాధి అప్పటికే తగ్గుముఖం పట్టింది కనుక పిడి తీయడమే వేలమందిని కాపాడిందన్న కథ పూర్తిగా నిజం కాదు. ఆ తరువాత హెన్రీ వైట్‌హెడ్ అనే స్థానిక మతగురువు, తనకు బాగా తెలిసిన కుటుంబాలను ఇంటింటికీ వెళ్లి విచారించి, పంపు పక్కనే ఉన్న 40వ నంబరు ఇంట్లోని జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు బావిలోకి ఊరిన సంగతి బయటపెట్టాడు. పటం ప్రశ్నను సరైన వీధికి తెచ్చింది. ఆ వీధి మనుషులను ఎరిగినవాడు జవాబు తెచ్చాడు.

బుధవారం, పారిస్

పారిస్ అబ్జర్వేటరీ మధ్యగా కూడా ఒక మధ్యాహ్న రేఖ (రేఖాంశ గీత) పోతుంది. 1667 నాటి ఆ గీతనే ఫ్రెంచి పటాలు చాలాకాలం సున్నాగా తీసుకున్నాయి. 1911లో దేశపు అధికారిక సమయాన్ని మార్చిన చట్టం కూడా గ్రీనిచ్ పేరెత్తకుండా, పారిస్ సమయాన్ని తొమ్మిది నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు వెనక్కి జరిపినట్టుగానే రాసుకుంది. ఆ రేఖ వెంబడి నగరమంతటా పొదిగిన చిన్న కంచు బిళ్లలను వెతుక్కుంటూ కాసేపు నడిచాను, కొన్ని దొరికాయి.

నేను పారిస్‌కు వచ్చిన కారణం మాత్రం వేరు. 1898లో సోర్బాన్ విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర ఆచార్య పదవి చేపట్టిన పాల్ విడాల్ ద లా బ్లాష్ పనిచేసిన నగరం ఇది. జర్మనీలో ఫ్రెడరిక్ రాట్జెల్ రచనల నుంచి ఆయన అనుయాయులు కొందరు ఒక కఠినమైన సూత్రం తీశారు: నేల, వాతావరణం ఎలా ఉంటే మనిషి స్వభావం, సమాజం అలా రూపొందుతాయని. దీన్నే పర్యావరణ నియతివాదం అంటారు. కొన్ని జాతులు పాలించడానికీ కొన్ని లొంగడానికీ వాతావరణమే పుట్టించిందని చెప్పుకోవడానికి వలస పాలకులకు ఇది ఎంతో అనుకూలపడింది. ఆ కారణంగానే దీన్ని కేవలం పాతబడిన సిద్ధాంతంగా చూసి వదిలేయడం సరికాదని నా అభిప్రాయం. విడాల్ దృష్టి భిన్నమైనది. ప్రకృతి అవకాశాలను ముందుంచుతుంది, వాటిలోంచి ఎంచుకునేది మనుషుల అలవాట్లు, పనిముట్లు, సంప్రదాయాలు కలిసిన జీవన విధానమని ఆయన బోధించాడు. తరువాత చరిత్రకారుడు లూసియెన్ ఫెవ్ర్ దీనికి సంభావ్యతావాదమని పేరు పెట్టాడు.

ప్రాంతమంటే ఏమిటన్న ప్రశ్నకు కూడా ఫ్రాన్స్ రెండు జవాబులిచ్చింది. 1790లో విప్లవ ప్రభుత్వం పాత రాజ్య విభాగాలను రద్దుచేసి దేశాన్ని 83 పాలనా విభాగాలుగా కొత్తగా కోసింది. వాటికి పాత చరిత్ర గుర్తుకు రాకుండా చాలావరకు నదుల, కొండల పేర్లు పెట్టింది. విడాల్ అందుకు భిన్నంగా నేల రంగును, పొలాల ఆకారాన్ని, ఇళ్ల తీరును చూసి జనం తరతరాలుగా గుర్తించే బోస్, బ్రీ వంటి చిన్న ప్రాంతాలను వర్ణించాడు. ఒకటి పైనుంచి గీసినది, మరొకటి కింద నుంచి ఏర్పడినది. ఇవాళ ఆ పాలనా విభాగాల పేర్లు కూడా అక్కడి ప్రజలకు తమ గుర్తింపులో భాగమయ్యాయి. కార్యాలయంలో గీసిన గీత రెండు వందల ఏళ్లలో సొంతూరి పొలిమేరగా మారగలదు.

గురువారం, బార్లె

పారిస్ నుంచి ఉత్తరానికి సాగే రైలు కిటికీలోంచి కంచెలు లేని విశాలమైన గోధుమ పొలాలు గంటసేపు కదిలిపోయాయి. బ్రస్సెల్స్ చేరడానికి కొంచెం ముందే, నేలలో ఏ మార్పూ లేకుండానే స్టేషన్ల బోర్డులు ఫ్రెంచి నుంచి డచ్చికి మారాయి. బెల్జియంలో ఈ రెండు భాషల మధ్య గీతను 1962లో చట్టం స్థిరపరచింది. బ్రెడాలో రైలు దిగి బస్సెక్కి బార్లె చేరుకున్నాను.

ఊరు ఒకటే, దేశాలు రెండు. నెదర్లాండ్స్‌కు చెందిన బార్లె-నస్సౌ, బెల్జియంకు చెందిన బార్లె-హెర్టోఖ్ ఇక్కడ ముక్కలు ముక్కలుగా కలగలిసి ఉన్నాయి. నెదర్లాండ్స్ భూభాగం మధ్య 22 బెల్జియం ఎన్‌క్లేవ్‌లు (చుట్టూ మరో దేశపు నేల ఉన్న ముక్కలు) ఉండగా, వాటిలోపల మళ్లీ 7 డచ్ ముక్కలున్నాయి. కాలిబాట మీద తెల్లని కూడిక గుర్తుల వరుసగా సరిహద్దు సాగిపోతుంది. ఒక దుకాణం అద్దాల కిందుగా దూరి మరో వైపు బయటికి వస్తుంది. ఇంటి నంబరు పలక మీద ఏ దేశపు రంగులుంటే ఆ ఇల్లు ఆ దేశానిది. గీత ఇంటి మధ్యలోంచి పోతే ముందు తలుపు ఎటు తెరుచుకుంటే అదే ఆ ఇంటి దేశం. గీత సరిగ్గా తలుపు మధ్యలోంచే పోయే ఒక ఇంటికి మాత్రం రెండు దేశాలూ చెరో నంబరు ఇచ్చాయి.

దీని మూలం 12వ శతాబ్దం చివర బ్రబంట్ డ్యూకుకూ బ్రెడా ప్రభువుకూ మధ్య జరిగిన భూముల పంపకంలో ఉంది. ఆ కాలంలో అధికారం వ్యక్తుల మీద, వారు చెల్లించే పన్నుల మీద ఆధారపడేది తప్ప ఒకే గీతతో చుట్టిన అఖండమైన నేల మీద కాదు. సాగులో ఉండి రాబడి ఇచ్చే భూములను ఒకరు ఉంచుకుని, మిగిలినవి రెండోవారికి ఇచ్చారు. బెల్జియం స్వతంత్ర దేశమయ్యాక 1843లో రెండు దేశాలు సరిహద్దు గీయబూనినప్పుడు ఇక్కడ గీత గీయలేక, ఒక్కొక్క కమతం ఏ దేశానిదో రాస్తూ పోయారు. రెండు కమతాల వివాదం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లి 1959లో బెల్జియంకు అనుకూలంగా తేలింది.

గీత ఇలా ఉండడం పర్యాటకులకు వినోదమే గాని, దాని బలం పరీక్షకు వచ్చిన సందర్భాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ బెల్జియంను దాదాపుగా ఆక్రమించినా, తటస్థ నెదర్లాండ్స్ నేల దాటకుండా బార్లె-హెర్టోఖ్‌లోకి రాలేకపోయింది. జర్మన్లు ప్రధాన సరిహద్దు వెంట ప్రాణాలు తీసే విద్యుత్ కంచె వేశారు. ఈ చిన్న ముక్కలు మాత్రం స్వేచ్ఛగా మిగిలాయి. 2020లో కరోనా నిబంధనలు రెండు దేశాల్లో వేర్వేరుగా ఉన్నప్పుడు ఒకే దుకాణంలో బెల్జియం వైపు అరలను టేపుతో మూసి, డచ్ వైపు అమ్మకాలు సాగించారు.

ఇక్కడి రెండు దేశాల పౌరులూ డచ్చే మాట్లాడతారు. ఇద్దరు మేయర్లు, రెండు పురపాలికలు ఉన్నా గ్రంథాలయం ఉమ్మడిది. ఉదయం రైల్లో దాటిన భాషా సరిహద్దు ఒకే దేశం మధ్యలో ఉంది. ఇక్కడ దేశ సరిహద్దు ఒకే భాష మధ్యలో ఉంది. రాజ్యం, జాతి, భాష ఒకే గీతలో ఒదుగుతాయన్న ఊహ ఎంత బలహీనమైనదో ఒక్క రోజు ప్రయాణంలోనే తేలిపోయింది.

శుక్రవారం, ఎమ్మెలోర్డ్

నెదర్లాండ్స్‌లోని ఈ నేల నూరేళ్ల క్రితం లేదు. జౌడర్‌జే అనే ఉప్పునీటి సముద్ర శాఖను 1932లో 32 కిలోమీటర్ల ఆనకట్టతో మూసి మంచినీటి సరస్సుగా మార్చాక, దానిలో ఒక భాగం చుట్టూ గట్టు కట్టి నీరు తోడేశారు. 1942 నాటికి 48,000 హెక్టార్ల సరస్సు అడుగు బయటపడింది. ఇదే నోర్డోస్ట్‌పోల్డర్; పోల్డర్ అంటే ఇలా గట్టు కట్టి నీటి నుంచి తీసిన నేల. బస్సులోంచి చూస్తే రోడ్లు, కాలువలు, చెట్ల వరుసలు, పొలాలు అన్నీ సరళరేఖలే. ప్రకృతి ఇచ్చిన నేలపై సంస్కృతి పనిచేయగా ఏర్పడేదే సాంస్కృతిక భూదృశ్యమని అమెరికన్ భూగోళశాస్త్రజ్ఞుడు కార్ల్ సావర్ 1925లో వివరించాడు. ఇక్కడ నేల కూడా మనుషులు తయారుచేసుకున్నదే. పంపింగ్ కేంద్రాలు ఆగిపోతే మళ్లీ నీరే మిగులుతుంది.

పోల్డర్ మధ్యలో ఎమ్మెలోర్డ్ పట్టణం, దాని చుట్టూ వలయంగా పది గ్రామాలు. పొలానికీ గ్రామానికీ మధ్య సైకిల్ మీద వెళ్లివచ్చే దూరాన్ని లెక్కలోకి తీసుకుని ఈ గ్రామాల చోట్లు నిర్ణయించారు. రోజువారీ అవసరాలు గ్రామంలో, అరుదైన అవసరాలు మధ్య పట్టణంలో తీరాలన్నది ఏర్పాటు. పాఠ్యపుస్తకాలు కేంద్ర స్థాన సిద్ధాంతానికి దీన్ని ఉదాహరణగా చూపుతాయి. దక్షిణ జర్మనీ పట్టణాల మధ్య దూరాలను పరిశీలించి వాల్టర్ క్రిస్టాలర్ 1933లో ఆ సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఒక వస్తువు కోసం మనిషి ఎంత దూరం వెళతాడు, దుకాణం నిలవడానికి కనీసం ఎందరు కొనాలి అన్న రెండు ప్రశ్నల నుంచి మొదలై, పట్టణాలు షడ్భుజాల అల్లికలో అమరుతాయని ఆయన చూపాడు. అతి చిన్న కేంద్రాల మధ్య దూరం సుమారు 7 కిలోమీటర్లు. అది నడిచి వెళ్లి తిరిగిరాగల దూరం మీద వేసిన లెక్క.

ఆ షడ్భుజాలను మెచ్చుకుంటూ ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. క్రిస్టాలర్ 1940లో నాజీ పార్టీలో చేరి, హిమ్లర్ అధీనంలోని ప్రణాళికా కార్యాలయం కోసం, ఆక్రమిత పోలండ్‌లో జర్మన్ ఆవాసాలు ఏ క్రమంలో ఉండాలో పటాలు గీశాడు. ఆ నేల మీద అప్పటికే జనం నివసిస్తున్నారు. ఆ పథకంలో వారు తొలగించదగిన అంశం మాత్రమే. ఖాళీ మైదానాన్ని ఊహించుకుని మొదలయ్యే సిద్ధాంతాన్ని, మైదానాన్ని ఖాళీ చేయించగల అధికారం చేతపట్టుకున్నప్పుడు ఏం జరుగుతుందో భూగోళశాస్త్ర తరగతుల్లో షడ్భుజంతో పాటే చెప్పాలి.

నోర్డోస్ట్‌పోల్డర్‌లో నేల నిజంగానే ఖాళీగా ఉంది. అయినా ఎవరు వచ్చి నివసించాలో ప్రభుత్వమే ఎంపిక చేసింది. యుద్ధానంతరం కౌలు కోరిన రైతుల వ్యవసాయ అనుభవంతో పాటు ఇంటి శుభ్రతను కూడా అధికారులు వెళ్లి పరిశీలించారు. ఆధునిక వాస్తుశిల్పులు రూపొందించిన, చదునైన పైకప్పుల నాగెలె గ్రామానికి మధ్యాహ్నం సైకిల్ మీద వెళ్లాను. మధ్యలో విశాలమైన పచ్చిక, దాని అంచుల్లో మూడు క్రైస్తవ శాఖలకు మూడు చర్చీలు, మూడు బడులు వేర్వేరుగా కట్టారు. కొత్త నేల మీదికి పాత సామాజిక విభజన యథాతథంగా వచ్చి చేరింది. ఆ తరువాత కార్లు వచ్చాయి, ఒక్కొక్క పొలానికి కావలసిన కూలీలు తగ్గారు, గ్రామాల్లో దుకాణాలు మూతపడి కొనుగోళ్లు ఎమ్మెలోర్డ్‌కు తరలాయి. సైకిల్ దూరానికి గీసిన వలయం చెక్కుచెదరలేదు; దాన్ని నిలబెట్టిన లెక్క మారిపోయింది.

శనివారం, స్ఖోక్‌లాండ్

పొలాల మధ్య చెట్లతో నిండిన పొడవైన దిబ్బ ఒకటి కనిపిస్తుంది. ఒకప్పుడు అది ద్వీపం. కెరటాలు ఏటా కొరికివేస్తుంటే, పేదరికంతో నివసిస్తున్న ఆరు వందల పైచిలుకు జనాన్ని 1859లో రాజాజ్ఞతో ఖాళీ చేయించారు. వారి రెండు ఊళ్ల పేర్లే ఇప్పుడు పోల్డర్‌లోని ఎమ్మెలోర్డ్, ఎన్స్ పేర్లు. ఓడరేవు కట్టడం పచ్చికలో నిలిచి ఉంది, దాని ఎదుట బంగాళాదుంపల చేను. చరిత్రపూర్వ యుగం నుంచి మనుషులు ఇక్కడ ఒకరి తరువాత ఒకరుగా నివసించిన ఆనవాళ్లు దొరికినందున 1995లో యునెస్కో దీన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది. చుట్టూ నీరు తోడేసినందువల్ల ఈ దిబ్బ ఎండి కుంగిపోతోంది. దాన్ని కాపాడడానికి తూర్పు అంచున భూగర్భజలాన్ని కావాలనే ఎత్తుగా ఉంచుతున్నారు.

ఆదివారం, ఉర్క్

స్ఖోక్‌లాండ్‌కు జరిగినది దగ్గరలోనే ఉన్న ఉర్క్‌కు జరగలేదు. మంచుయుగపు హిమానీనదం వదిలిన గట్టి బంకమట్టి గుట్ట మీద ఉన్నందున కెరటాలు దాన్ని కరిగించలేకపోయాయి. 1939లో గట్టు వచ్చి తాకే వరకు ఉర్క్ కూడా ద్వీపమే. ఉప్పునీరు సరస్సుగా మారితే చేపల వేట అంతరిస్తుందని, ఊరివారు సేద్యానికి మళ్లుతారని ప్రణాళికలు వేసినవారు భావించారు. నియతివాదం ప్రకారం చూసినా అదే జరగాలి. కాని ఉర్క్ జాలర్లు పెద్ద పడవలు కొనుక్కుని ఉత్తర సముద్రానికి వెళ్లడం మొదలుపెట్టారు. పడవలు సముద్రతీరపు వేరే రేవుల్లో ఉంటాయి. జాలర్లు వారాంతంలో రోడ్డు మీద ఇంటికి వస్తారు, చేపలు లారీల్లో ఉర్క్ వేలంశాలకు చేరతాయి.

ఆదివారం కనుక దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. చర్చీలకు వెళ్లే కుటుంబాలతో సన్నని వీధులు నిండిపోయాయి. ఊరికి సొంత మాండలికం ఉంది, పెద్ద కుటుంబాలున్నాయి. పక్కనున్న పోల్డర్ గ్రామాలతో పోలిస్తే ఇది వేరే దేశమనిపిస్తుంది. విడాల్ చెప్పిన జీవన విధానమంటే ఇదే. వృత్తి, విశ్వాసం, బంధుత్వం, భాష ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి కాబట్టే, చుట్టూ ఉన్న నీరు మారినా జనం సముద్రాన్ని వెతుక్కుంటూ వెళ్లారు. ఆ పట్టుదలకు మూల్యం దీపస్తంభం దగ్గర, సముద్రంలో చనిపోయిన వారి పేర్లు చెక్కిన గోడ మీద కనిపిస్తుంది.

గట్టు వెంట, సరస్సులో కలిపి 86 గాలిమరలు నిలబడి ఉన్నాయి. ఉత్తర సముద్రంలో కూడా ఇలాంటివి పెరిగి, వేటకు వీల్లేని చతురస్రాలుగా నీటిని విభజిస్తున్నాయి. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాక అక్కడి జలాల్లో దక్కే వాటా తగ్గింది. విద్యుత్ వలలతో వేటాడే పద్ధతిని సమాఖ్య 2021 నుంచి పూర్తిగా నిషేధించింది. ఆ తరువాత ప్రభుత్వ పరిహారం తీసుకుని తమ పడవలను తుక్కుకు అప్పగించిన యజమానుల్లో ఉర్క్ వారూ ఉన్నారు. చేపలను శుభ్రపరచి అమ్మే ఇక్కడి కర్మాగారాలు మాత్రం ఇతర దేశాల నుంచి సరుకు తెప్పించుకుని నడుస్తున్నాయి; సోమవారం తెల్లవారుజామున వాటి లారీలు మళ్లీ రోడ్డెక్కుతాయి.